బావి రాత్రిని చెరిపేస్తే హత్యలు ఆగుతాయా?

తమ్ముడూ, నీ షార్ట్ ఫిల్మ్ కథ రెండుసార్లు చదివాను. చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. కురుమూర్తి జాతరలో ముసుగేసుకున్న ఒకడు కొడవలితో ఐదుగురిని ఒకరి తర్వాత ఒకరిని చంపుతాడు. పద్దెనిమిదేళ్ల కింద హాస్టల్లో ఆ ఐదుగురే వాణ్ని తాడు కట్టి ఎండిపోయిన బావిలోకి దింపి, తెల్లారేదాకా వదిలేశారు. హీరోయిన్ కాలంలో వెనక్కి వెళ్లి ఆ రాత్రి జరగకుండా ఆపుతుంది. "ఇక హత్యలు ఉండవు కదా అని నా దోస్తు అంటున్నాడు, నాకు మాత్రం నమ్మకం కుదరట్లేదు" అని నువ్వడిగావు.

నీ అనుమానమే కరెక్టు. ఆ ఐదు హత్యలు ఆగొచ్చు, ఎందుకంటే అది పగ. పగకు కారణం లేకపోతే ఆ లిస్టు ఉండదు. కానీ కొడవలి పట్టగల మనిషి లోపల లేకుండా పోతాడని ఎవరూ రాసివ్వలేరు. ఇంకోటి, నీ హీరోయిన్ వెళ్లేది కూడా తప్పు మనిషి దగ్గరికి. అది చివర్లో చెప్తా.

నేను సినిమావాణ్ని కాదు. పాలమూరు, నల్లగొండ వైపు పిల్లల కేసులు చూసే ప్రొబేషన్ ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యాను. పద్దెనిమిది నిండనివాడు నేరం చేశాడని పట్టుకొస్తే, వాడి ఇల్లు, బడి, సోపతిగాళ్లు అన్నీ విచారించి పదిహేను రోజుల్లో జువెనైల్ జస్టిస్ బోర్డుకు రిపోర్టు ఇవ్వాలి. అంటే ఒకరి గతాన్ని కూర్చి రాయడమే నా జీతం. స్లాషర్లంటావా, అదే, ముసుగేసుకున్నవాడు ఒక్కొక్కరినే నరుక్కుంటూ పోయే సినిమాలు, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర వీసీఆర్ కిరాయికి తెచ్చి ఒక్క రాత్రిలో మూడు క్యాసెట్లు లాగించిన బ్యాచ్ మాది. ఇంగ్లీషు డైలాగులు అర్థమయ్యేవి కావు. కత్తి అర్థమయ్యేది.

ముందు ఆ సినిమాల్లోని ముగ్గురు మొనగాళ్ల సంగతే చూద్దాం.

మైఖేల్ మయర్స్. 1978 నాటి మొదటి హాలోవీన్‌లో వాడి గతమంతా ఒక్క రాత్రి. 1963, వాడికి ఆరేళ్లు, వంటింటి కత్తి తీసుకుని పైకెళ్లి అక్కను పొడిచి చంపుతాడు. అమ్మానాన్న కారు దిగి ముసుగు లాగితే కింద పసిమొహం. ఎందుకు చంపాడో సినిమా చెప్పదు. వాడికి వైద్యం చేసిన డాక్టర్ లూమిస్ ఎనిమిదేళ్లు వాడి మనసు అందుకోవాలని చూశానని, ఆ తర్వాత ఏడేళ్లు వాడు బయటికి రాకుండా చూడటానికే పెట్టానని అంటాడు. నీ హీరోయిన్‌ను ఆ ఇంటికి పంపితే ఏం మారుస్తుంది? కత్తి దాచగలదు, అంతే. 2007లో రాబ్ జాంబీ మళ్లీ తీసినప్పుడు వాడికో బాల్యం అతికించాడు. ఇంట్లో నోటికొచ్చినట్టు తిట్టే మగాడు, బడిలో ఏడిపించే పిల్లలు, వాడి చేతిలో చచ్చే చిన్న చిన్న జంతువులు. చూస్తే జాలేసింది. భయం మాత్రం ఎక్కడో జారిపోయింది. నాకైతే ఇప్పటికీ ఆ పాత మైఖేలే భయం. వాడి గురించి రిపోర్టు రాయమంటే ఒక్క కాలమ్ కూడా నింపలేను.

జేసన్ లెక్క వేరు. 1980 నాటి మొదటి 'ఫ్రైడే ద థర్టీన్త్' సినిమాలో చంపేది వాడు కాదు, వాళ్లమ్మ. హాకీ మాస్కు మూడో భాగం దాకా రానే రాదు. 1957లో క్యాంపు చెరువులో పిల్లాడు మునిగిపోతుంటే, కనిపెట్టుకుని ఉండాల్సిన కౌన్సెలర్లు ఇద్దరూ వాళ్ల సరసంలో వాళ్లున్నారు. కొడుకు పోయాడని తల్లి కత్తి పట్టింది. ఆ తల్లి తల తెగిందని రెండో భాగం నుంచి కొడుకు పట్టాడు. మరి ఇక్కడ విలన్ బాల్యంలో దిద్దడానికి ఏముంది? తల్లి ప్రాణంలా చూసుకున్న పిల్లాడు. ఒడ్డున ఈతొచ్చినవాడు ఒక్కడు మెలకువగా ఉంటే అన్ని భాగాలూ తీసే పని తప్పేది.

ఇక ఫ్రెడ్డీ. 1984 నాటి 'నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' సినిమాలో వాడు కాలనీ పిల్లల్ని చంపి దొరికిపోతాడు. దొరికినవాణ్ని ఎందుకు వదిలేశారో గుర్తుందా? సోదా వారెంటు మీద సంతకం పెట్టాల్సిన చోట ఎవరో పెట్టలేదు. కేసు కొట్టేశారు. తల్లిదండ్రులంతా కలిసి వాణ్ని బాయిలర్ రూంలో తగలబెట్టారు, వాడు తిరిగి వాళ్ల పిల్లల కలల్లోకి వచ్చాడు. 1991 భాగంలో వాడికీ ఒక బాల్యం చూపించారు, పెంపుడు తండ్రి బెల్టు దెబ్బలతో సహా. ఆ దెబ్బలు ఆపితే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఆ సంతకం సరైన చోట పడి ఉంటే ఏమయ్యేదో మాత్రం చెప్పగలను. వాడు జైల్లో ఉండేవాడు, కాలనీవాళ్లు హంతకులయ్యేవాళ్లు కాదు. జీవితమంతా ఫైళ్ల మధ్య బతికినవాణ్ని కదా, ఆ సినిమాలో నాకు ఒళ్లు జలదరించేది ఆ ఇనుప గోళ్లు చూసి కాదు, ఆ సంతకం మాట విన్నప్పుడే.

ఇప్పుడు నా టేబుల్ దగ్గరికి రా. కల్వకుర్తి వైపు ఒక ఊరనుకో. పేర్లు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. పదహారేళ్లవాడు కల్లు దుకాణం దగ్గర మాటా మాటా పెరిగి ఒకాయన తల మీద బండరాయితో కొట్టాడు. మనిషి బతికాడు గానీ ఒక కన్ను పోయింది. అబ్జర్వేషన్ హోమ్‌లో నా ముందు కూర్చోబెట్టారు. గోళ్లు కొరుక్కుంటూ నా కాగితాల వైపే చూస్తున్నాడు.

"సార్, గిదంతా మా నాయినకు సదివి వినిపిస్తరా?"

వినిపించనన్నాను.

"అయితే రాసుకోండ్రి."

రాసుకున్నాను. తాగొచ్చి చర్నాకోలతో కొట్టే తండ్రి. తల్లి చిన్నప్పుడే పోయింది. ముసలి నానమ్మ. ఏడాదిలో సగం తండ్రి కూలీల్ని పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి వెంట పుణె పోయేవాడు, ఒక్కోసారి పిల్లల్నీ తీసుకుపోయేవాడు. ఫారంలో బాల్యానికి ఇచ్చిన జాగా మూడు వేళ్లంత. నేను నాలుగు తెల్లకాగితాలు కలిపి కుట్టాను. చదివితే ఎవరైనా "వీడు గాక ఇంకెవడు రాయి పడతాడు" అనేట్టు వచ్చింది. జర గర్వపడ్డాను కూడా.

మర్నాడు వాడి అన్న వచ్చాడు. రెండేళ్లు పెద్ద, జడ్చర్లలో ఒక మెకానిక్ షెడ్డులో పని. ఆయిల్ చేతులు ప్యాంటుకు తుడుచుకుని, కాగితం నల్లబడుతుందేమోనని రెండు వేళ్లతో అంచు పట్టుకుని సంతకం పెట్టాడు. పోతుంటే ఊరికే అడిగాను, నిన్ను గూడ గట్లనే కొట్టేటోడా అని. వాడు నవ్వాడు.

"నన్నే ఎక్కువ గొట్టిండు సార్. పెద్దోణ్ణి గద, తమ్మునికి అడ్డం పోతుంటి."

నేను రాసిన నాలుగు కాగితాలు, పైన పేరు మారిస్తే చాలు, వీడికీ అక్షరం పొల్లు పోకుండా సరిపోతాయి. వీడి చేతికి రాయి రాలేదు, స్పానర్ వచ్చింది. ఆ రోజు నుంచి ఏ రిపోర్టు రాసినా "అందువల్ల" అనే మాట దగ్గర నా పెన్ను ఆగేది.

ఇది నా ఒక్కడి అనుభవం అనుకుంటావేమో. అమెరికాలో కేథీ విడమ్ అనే పరిశోధకురాలు 1967 నుంచి 1971 దాకా కోర్టుల్లో హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు తేలిన 908 మంది పిల్లల్ని తీసుకుని, అలాంటి వయసు, అలాంటి వాడకట్టు పిల్లలు 667 మందితో పోల్చింది. 1989లో వచ్చిన లెక్క ప్రకారం హింసాత్మక నేరాల్లో అరెస్టయినవాళ్లు మొదటి గుంపులో నూటికి 11 మంది, రెండో గుంపులో 8 మంది. తేడా ఉంది, కొట్టిపారేయలేం. కానీ ఆ మొదటి గుంపు పిల్లల్లో నూటికి 89 మంది ఆ లెక్కలోకి రానేలేదు. లీ రాబిన్స్ అనే ఇంకో పరిశోధకురాలు ఇంకా ముందే, 1966లో వచ్చిన పుస్తకం కోసం, అమెరికాలోనే సెయింట్ లూయిస్ పిల్లల క్లినిక్‌కు వచ్చిన 524 మంది పిల్లల్ని ముప్పై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని చూసింది. చెడిపోయిన పెద్దల వెనక్కి వెళ్తే దాదాపు అందరిదీ మొండి బాల్యమే. అదే మొండి పిల్లల దగ్గర నిలబడి ముందుకు చూస్తే, ఎక్కువమంది అలాంటి పెద్దలు కాలేదు.

నీ కథలో తిరకాసు కూడా ఇదే. హంతకుడి దగ్గర నిలబడి వెనక్కి చూస్తే ఒకటే దారి కనిపిస్తుంది, నేరుగా బావి దగ్గరికి పోతుంది. బావి దగ్గర నిలబడి ముందుకు చూడు, నలభై దారులు. ఆ బావిలో తెల్లారేదాకా ఉన్నవాడు వార్డెన్ కావొచ్చు, కానిస్టేబుల్ కావొచ్చు, జన్మలో బావి దగ్గరికి పోని పోస్ట్‌మ్యాన్ కావొచ్చు.

మన నల్లగొండ నీళ్లతో పోలిస్తే ఇది బాగా తెలుస్తుంది. మర్రిగూడ, నాంపల్లి వైపు వంకర కాళ్ల పిల్లల్ని చూసి పెరిగినవాణ్ని నేను. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి. ఇక్కడ గతం మారిస్తే ఫలితం మారుతుంది, అనుమానం లేదు. కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలు తిన్నగా నడుస్తున్నారు. ఇంత గట్టి కారణంలోనూ ఒకే బోరు నీళ్లు తాగిన అన్నదమ్ముల్లో ఒకడు ఎక్కువ వంగాడు, ఒకడు తక్కువ. ఫ్లోరైడ్‌కే అంత తేడా ఉంటే, చర్నాకోలకు ఎంత ఉండాలి? ఇంకోటి, నీళ్లు మారాయని అప్పటికే వంగిన కాలు తిరిగి తిన్నగా కాదు. కాబట్టి నీ హీరోయిన్ ఎంత వెనక్కి వెళ్తుందనేది చిన్న విషయం కాదు. పదేళ్లవాడి దగ్గరికి వెళ్లడం వేరు, వాడు కడుపులో ఉన్నప్పుడు వెళ్లడం వేరు.

రెండోది నిజంగానే చేసి చూశారు. న్యూయార్క్ రాష్ట్రంలో ఎల్మైరా అనే ఊళ్లో 400 మంది గర్భిణుల్ని తీసుకుని, కొందరి ఇళ్లకు నర్సుల్ని పంపారు, బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా. పాలు ఎలా పట్టాలి, ఏడిస్తే ఏం చేయాలి, ఇవే మాటలు. మన ఆశా అక్కలు చేసే పనిలాంటిదే అనుకో. పదిహేనేళ్ల తర్వాత చూస్తే, పేద, పెళ్లికాని తల్లుల పిల్లల్లో అరెస్టులు సగం కన్నా తక్కువ. ఎగిరి గంతేయకు. పంతొమ్మిదేళ్ల వయసులో మళ్లీ చూస్తే ఆ తేడా ఆడపిల్లల్లోనే నిలిచింది. గతాన్ని అంత శ్రద్ధగా దిద్దినా మగపిల్లల దగ్గర పట్టు జారింది.

కల్వకుర్తి తమ్ముడి విషయంలో నేను వెనక్కి వెళ్లగలిగితే ఏ రోజుకు వెళ్తానో చాలాసార్లు అనుకున్నాను. చర్నాకోల ఆపాల్సిందే, వాడు రేపు హంతకుడు అవుతాడా అవడా అనే లెక్కతో పనిలేదు. కానీ రాయి దాకా రాకుండా చూడాలంటే నేను వెళ్లేది బడి హాజరు రిజిస్టర్ దగ్గరికి. పుణె నుంచి తిరిగొచ్చేసరికి వాడి పేరు కొట్టేసి ఉంది. మళ్లీ చేర్చుకోమని నానమ్మ రెండుసార్లు పోయిందట, ఆ కాగితం తే ఈ కాగితం తే అన్నారట. ఏ బడో చెప్పను. మూడోసారి ఆమె పోలేదు. వాడు కల్లు దుకాణం దగ్గర గ్లాసులు కడగడానికి కుదురుకున్నాడు. అన్నకేమో అదే నెలలో షెడ్డులో పిల్లాడెవడో పని మానేసి జాగా దొరికింది. అంతే తేడా. అదీ నేను వెనక్కి చూసి అల్లుకున్న కథే కావొచ్చు, ఒప్పుకుంటా.

హాజీపూర్ గుర్తుందిగా. 2019, బొమ్మలరామారం మండలం. లిఫ్ట్ ఇస్తానని ఆడపిల్లల్ని బైకెక్కించుకుని చంపినవాడు, వాళ్లను పడేసిన పాడుబడ్డ వ్యవసాయ బావి. 2020 ఫిబ్రవరిలో నల్లగొండలో కోర్టు ఉరిశిక్ష వేసింది. అప్పుడు టీవీలో గంటల తరబడి వాడి బాల్యం తవ్వారు. ఊళ్లోవాళ్లు మాత్రం బస్సు గురించి మాట్లాడారు. బస్సు ఊళ్లోకి వస్తే పిల్లలు ఎవడి బండీ ఎక్కే పని ఉండేది కాదన్నారు. అక్కడి బావుల్లో దొరికిన ఎముకల్లో 2015లో కనిపించకుండా పోయిన పాపవి కూడా ఉన్నాయి. నాలుగేళ్లు ఎవరికీ కనపడలేదు. టైమ్ మెషిన్ నా చేతికిస్తే నేను వాడి ఉయ్యాల దగ్గరికి పోను. 2015లో ఆ పాప ఇంటికి రాని మొదటి సాయంత్రానికి పోయి, చుట్టుపక్కల ఉన్న ప్రతి బావిలోకీ లైటు వేయిస్తా.

చట్టం కూడా గతాన్ని మారుస్తుంది, ఇది నీ కథకు పనికొస్తుందేమో చూడు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో కొత్త మొదలు అనే సూత్రం ఉంది. కొన్ని తీవ్రమైన కేసులు తప్ప, పిల్లాడి నేరం రికార్డులు చెరిపేయాలి, పెద్దయ్యాక అది అడ్డం రాకూడదు. హంతకుడి గతాన్ని చెరిపే హీరోయిన్ కన్నా, పిల్లాడి ఫైలు చింపే గుమాస్తా నాకు ఎక్కువ సినిమాటిక్‌గా కనిపిస్తాడు. నా పిచ్చి అనుకో.

కాలప్రయాణం లాజిక్కు గురించి నీ దోస్తు గొడవ పడతాడు చూడు, హత్యలే జరగకపోతే హీరోయిన్ వెనక్కి ఎందుకు వెళ్లిందని. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు, నువ్వూ వెతకకు. ఆమెకు ఒక్కదానికే గుర్తుంటుందని పెట్టుకో, ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. మన పాలమూరులో నీ సినిమా ఫోన్లో చూసే పిల్లల్లో చాలామంది హాస్టల్ పిల్లలే ఉంటారు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒక రాత్రి బావిలాంటి దాంట్లో గడిపినవాళ్లే. "ఏడిపిస్తే హంతకుడవుతాడు" అని చూపిస్తే, ఆ పిల్లాడు పక్క మంచం మీద వాడికి ఏమవుతాడు? భయపడాల్సినవాడు అవుతాడు. మెకానిక్ షెడ్డు అన్నలాంటివాణ్ని ఒక్కణ్నైనా పెట్టు. ఆ బావిలోకి అంతకు ముందు ఏడాది దింపినవాడు, ఇప్పుడు జాతరలో జిలేబీ కొట్టు నడిపేవాడు ఎవడో. కొడవలి పట్టినవాడికి వాడు ఎదురుపడితే ఆ ఒక్క సీను చాలు నాకు.

ఇప్పుడు హీరోయిన్ ఎవరి దగ్గరికి వెళ్లాలో. నువ్వు ఆమెను ఆ ఐదుగురు పిల్లల దగ్గరికి పంపావు, వాళ్లను భయపెట్టించావు. పదమూడేళ్ల పిల్లలు, ఇవాళ భయపడి రేపు మళ్లీ చేస్తారు. వార్డెన్ గది పిల్లల గదుల మధ్య ఉందని రాశావు, అది తప్పు. నేను తిరిగిన హాస్టళ్లలో వార్డెన్లు చాలామంది రాత్రి టౌనులోనే ఉండేవాళ్లు. రాత్రిపూట అక్కడుండే పెద్దమనిషి కామాటి ఒక్కడే. వంటపాత్రలు కడిగి, స్టోర్ రూంకు తాళమేసి, వరండాలో చాప పరుచుకుని పడుకుంటాడు. పిల్లలు ఎవరు ఎటు పోయినా అతన్ని దాటే పోవాలి. ఆమె వెళ్లాల్సింది అతని దగ్గరికే.

ఇంకోటి, నీ బావికి గిలక, తాడు రెండూ ఉన్నాయని రాశావు. ఎండిపోయిన బావికి ఆ రెండూ ఎవరుంచుతారు తమ్ముడూ, ఎప్పుడో ఎవరో ఎత్తుకుపోయుంటారు. అరవై అడుగుల తాడు ఆ హాస్టల్లో ఉంటే స్టోర్ రూంలోనే ఉండాలి. మరి ఆ రాత్రి పిల్లలకు స్టోర్ తాళం ఎవరిచ్చారో ముందు అది రాయి.